ఆరవ నెల రాత్రులు: బిడ్డ నిద్ర, తల్లి నిద్ర

షోలాపూర్ తూర్పు భాగంలో మరమగ్గాల చప్పుడు రాత్రి కూడా ఆగదు. ఆ చప్పుడులోనే పుట్టిన పసిపిల్లలు దానికి అలవాటుపడి హాయిగా నిద్రపోతారు. కరెంటు పోయి మగ్గాలు ఒక్కసారిగా నిలిచిపోయినప్పుడు మాత్రం ఉలిక్కిపడి లేస్తారు. మా మనవరాలి విషయంలో ఈ వింతను నేను చాలాసార్లు చూశాను. అయితే పాపకు ఆరవ నెల నిండిన తరువాత మెలకువ రావడానికి కరెంటు పోవలసిన అవసరం కూడా లేకపోయింది. నాలుగవ నెలలో రాత్రికి ఒకటి రెండుసార్లు పాలు తాగి పడుకున్న పిల్ల ఇప్పుడు నాలుగుసార్లు, కొన్ని రాత్రులు అయిదుసార్లు లేవసాగింది.

"పాలు సాల్తలేవు బిడ్డా, అందుకే ఏడుస్తుంది. డబ్బా పాలు పట్టు" అన్న మాట ఇంట్లో మొదట వినిపించింది. ఆ మాట అన్నది మరెవరో కాదు, నేనే. ఎన్నో ఏళ్లు తెలుగు మాధ్యమ పాఠశాలలో పాఠాలు చెప్పి, పిల్లల ఆరోగ్యం గురించి బోర్డు మీద రాసి వివరించిన నేనే మా అత్తగారు నాతో అన్న మాటను అక్షరం మార్చకుండా కోడలితో అన్నాను. ఆమె ఒక్క క్షణం నా వైపు చూసి, "దానికి పాలు సాల్తనే ఉన్నయత్తమ్మా. నాకే నిద్ర సాల్తలేదు" అన్నది.

ఆమె మాట నిజమో కాదో తేల్చుకోవడానికి మేము పెద్ద పరీక్షలేవీ చేయలేదు. పాప రోజుకు ఆరుసార్లకు పైగా మూత్రం పోస్తున్నది. తల్లీబిడ్డల కార్డులో బరువు గీత పైకే పోతున్నది. మెలకువగా ఉన్నప్పుడు నవ్వుతున్నది, బోర్లా పడుతున్నది, అందినదల్లా పట్టుకుంటున్నది. పాలు చాలని బిడ్డ లక్షణాలు ఇవి కావు. ఈ మూడు గుర్తులు ఉన్న ఇంట్లో రాత్రి ఏడుపును చూసి తల్లి పాలను తప్పుపట్టడం అన్యాయం. అంతేకాక డబ్బా పాలు మొదలుపెడితే తల్లి పాలు క్రమంగా తగ్గుతాయి. అప్పుడు పాలు చాలడం లేదన్న మాటను మనమే నిజం చేసినవారమవుతాము.

బిడ్డ ఎందుకు లేస్తుంది

పెద్దల నిద్రలో ఒక్కొక్క ఆవృత్తి సుమారు తొంభై నిమిషాలు ఉంటుంది. పసిబిడ్డకు అది యాభై, అరవై నిమిషాలే. ప్రతి ఆవృత్తి చివర నిద్ర పలచబడి, మెలకువ అంచుకు వస్తుంది. మనకు కూడా రాత్రి పలుమార్లు అలా జరుగుతుంది. పక్కకు తిరిగి మళ్లీ పడుకుంటాము, ఉదయానికి గుర్తుండదు. ఆరు నెలల బిడ్డకు ఆ పక్కకు తిరగడమే కొత్త విద్య. నిద్రలోనే బోర్లా పడి, తిరిగి వెల్లకిలా పడడం తెలియక ఏడుస్తుంది.

ఆ వయస్సులోనే మరొక మార్పు వస్తుంది. తల్లి కంటికి కనబడకపోయినా ఎక్కడో ఉన్నదన్న ఊహ బిడ్డ మనస్సులో రూపుకట్టడం మొదలవుతుంది. అంతకు ముందు కనబడని అమ్మను మరచిపోయే పిల్ల ఇప్పుడు వెతుకుతుంది. చాలామంది పిల్లలకు మొదటి పన్ను కూడా ఇంచుమించు ఇప్పుడే వస్తుంది. వీటిలో ఏదీ జబ్బు కాదు. ఎదుగుదల పగలు చేసే పనిని రాత్రి కూడా చేస్తున్నది, అంతే.

నాలుగు నుంచి పదకొండు నెలల పిల్లలకు పగటి కునుకులతో కలిపి రోజుకు 12 నుంచి 16 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఈ అంకెను చూసి భయపడవద్దు. ఇది ఇరవై నాలుగు గంటల మొత్తం. రాత్రి తొమ్మిది గంటలు ముక్కలు ముక్కలుగా పడుకుని, పగలు మూడుసార్లు కలిపి నాలుగు గంటలు కునుకు తీసిన పిల్లకు నిద్ర సరిపోయినట్లే. సరిపోనిది ఆ ముక్కల మధ్య లేచి కూర్చున్న మనిషికి.

బిడ్డ కదలగానే ఎత్తుకోవడం మనకు అలవాటు. ఒక్క నిమిషం ఆగి చూడండి. నిద్ర పలచబడినప్పుడు పిల్లలు మూలుగుతారు, కాళ్లు తన్నుకుంటారు, కళ్లు కూడా తెరుస్తారు. ఒక్కొక్కసారి ఆ ఒక్క నిమిషంలో తమంతట తామే మళ్లీ నిద్రలోకి జారుకుంటారు. ఏడుపు పెరిగితే అప్పుడు ఎత్తుకోవచ్చును. పక్క గదిలో పడుకోబెట్టి ఏడవనివ్వండి అనే సలహా కొన్ని పుస్తకాలలో ఉంటుంది. అయిదుగురు ఒకే గదిలో పడుకునే ఇంటికి ఆ సలహా పనికిరాదు. దాని గురించి ఇక్కడ చర్చ అనవసరం.

పగలును పగలుగా, రాత్రిని రాత్రిగా బిడ్డకు చూపించడం మాత్రం ఒకే గది ఇంట్లో కూడా సాధ్యమే. పొద్దున లేవగానే గుమ్మం దగ్గర వెలుతురులో కాసేపు కూర్చోబెట్టండి. సాయంత్రం దీపాలు పెట్టిన తరువాత కునుకు తీయనివ్వవద్దు. రాత్రి ప్రతిరోజూ ఒకే వరుస పాటించండి: ముఖం, కాళ్లు తుడవడం, బట్టలు మార్చడం, పాలు, జోలపాట, పడక. వరుస ముఖ్యం, గంట కాదు. రాత్రి పాలిచ్చేటప్పుడు పెద్ద దీపం వేయకండి, బిడ్డతో ఆటలాడకండి, సెల్‌ఫోన్ వెలుగును దాని ముఖం మీద పడనివ్వకండి. మా ఇంట్లో ఈ చివరి నియమాన్ని ఎక్కువగా తప్పింది తాతగారు.

కడుపు నింపితే నిద్రపోతుందా

ఆరు నెలలు నిండిన బిడ్డకు తల్లి పాలతో పాటు మెత్తని ఆహారం మొదలుపెట్టాలి. రెండేళ్లు లేదా అంతకు మించి తల్లి పాలు కొనసాగించాలి. ఇది నిద్ర కోసం చేసే పని కాదు. ఆ వయస్సులో పాలలోని ఇనుము, శక్తి బిడ్డకు సరిపోవు కనుక చేసే పని. రాత్రి పడుకునే ముందు బలవంతంగా నాలుగు చెంచాలు ఎక్కువ పెడితే తెల్లవారేదాకా పడుకుంటుందనే ఆశ చాలామందికి ఉంటుంది. కడుపు బరువెక్కిన బిడ్డ మరింత ఇబ్బందిపడి లేవడమే మేము చూశాము.

మొదట్లో రెండు మూడు చెంచాలు, రోజుకు రెండు మూడుసార్లు చాలు. ఉగ్గు నీళ్లలా ఉండకూడదు. చెంచాను వంచినప్పుడు వెంటనే కారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. అన్నం, పెసరపప్పు మెత్తగా మెదిపి, ఒక చుక్క నెయ్యి వేయవచ్చును. ఉప్పు, చక్కెర ఏడాది నిండేదాకా అవసరం లేదు. తేనె అసలే వద్దు. ఏడాది లోపు పిల్లలకు తేనె వల్ల నరాలను పట్టే ప్రమాదకరమైన విషజబ్బు రావచ్చును. నాలుకకు తేనె రాయడం మన ఇళ్లలో పాత ఆచారం కనుక ఈ మాట గట్టిగా చెప్పవలసి వస్తున్నది.

ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు పిల్లలకు అంగన్‌వాడీ నుంచి ఇంటికి తీసుకుపోయే పోషకాహారం ఇస్తారు. ఆరవ నెల నుంచి వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు చొప్పున ఇనుము సిరప్ ఇవ్వడం కూడా ప్రభుత్వ కార్యక్రమంలో ఉన్నది. మీ వార్డులో అంగన్‌వాడీ కార్యకర్త మరాఠీలోనే మాట్లాడినా సంకోచించకండి. కార్డు తీసి చూపిస్తే పని జరుగుతుంది.

తొట్టెల, చాప, చద్దరు

దూలానికో కొక్కేనికో చీర కట్టి ఊపే తొట్టెల మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నది. దానిని తీసిపారేయమని నేను చెప్పను. కాని గుడ్డ తొట్టెలలో బిడ్డ వీపు వంగి, గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది. మెడ వంగితే ఊపిరి దారి ఇరుకవుతుంది. ఆరవ నెల తరువాత బోర్లా పడే, లేచి కూర్చోబోయే పిల్ల తొట్టెల అంచున చిక్కుకోవచ్చును, కింద పడవచ్చును. అందువలన తొట్టెలను ఎవరైనా దగ్గర కూర్చుని ఊపుతున్నంత సేపే వాడండి. బిడ్డ నిద్రపోగానే గట్టి, చదునైన పరుపు మీద కాని, నేల మీద పరిచిన చాప, బొంత మీద కాని వెల్లకిలా పడుకోబెట్టండి. నేల మీద పడుకున్న బిడ్డ పడిపోవడానికి చోటు ఉండదు. పేదింటి పడకకు ఉన్న లాభమిది.

తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు వద్దు. ఏడాది నిండేదాకా ఏ దిండూ వద్దు. మన ఊరి చద్దరు దేశమంతా ప్రసిద్ధి. కాని పసిబిడ్డ ముఖం దగ్గర దానికి పని లేదు. చలి ఉంటే ఒంటికి మరొక చొక్కా తొడగండి. ఎండాకాలంలో మన ఊరిలో నలభై డిగ్రీలు దాటినప్పుడు బిడ్డను గుడ్డలలో చుట్టడం నిద్రను చెడగొట్టడమే. మెడ వెనుక చేయి పెట్టి చూస్తే చెమట తెలుస్తుంది. దోమలకు బత్తి వెలిగించడం కంటే గొడుగులా మూసే చిన్న దోమతెర మేలు. స్నానం తరువాత వేసే సాంబ్రాణి పొగ కూడా పసి ఊపిరితిత్తులకు పొగే. దిష్టి తీయడం మీ నమ్మకమైతే తీసుకోండి, మిరపకాయలు మాత్రం బిడ్డకు దూరంగా కాల్చండి.

తల్లి పక్కన పడుకునే బిడ్డను ఇద్దరు పెద్దల మధ్య పెట్టకుండా, తల్లికి ఒక పక్కన పెట్టండి. మద్యం తాగినవారు, పొగ తాగేవారు, నిద్రమాత్ర వేసుకున్నవారు ఆ పడక మీద ఉండకూడదు.

నిద్రపుచ్చే మందుల కథ

బొంబాయి బట్టల మిల్లులలో పనిచేసినవారిలో మన తెలుగువారు, ముఖ్యంగా పద్మశాలీలు, చాలామంది ఉండేవారు. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో అక్కడి మిల్లు కార్మిక స్త్రీలు పసిబిడ్డలకు "బాలగోళీ" అనే నల్లమందు మాత్ర వేసి పనికి పోయేవారని ఆనాటి నివేదికలు రాశాయి. పది గంటలు మిల్లులో నిలబడవలసిన తల్లికి బిడ్డను చూసేవారు లేరు. బిడ్డ ఏడిస్తే ఇరుగుపొరుగువారు ఊరుకోరు. ఆ మాత్రతో బిడ్డ నిద్రపోయేది, ఆకలి కూడా మరచి నిద్రపోయేది. ఆ తల్లులను తిట్టడం సులభం. వారిని ఆ మాత్ర దాకా నెట్టింది ఏమిటో ఆలోచించడం అవసరం.

నేడు ఆ మాత్ర కనబడదు. దాని స్థానంలో జలుబు మందు, దగ్గు మందు, అలర్జీ సిరప్ వచ్చాయి. "ఒక మూత పోస్తే రాత్రంతా లేవదు" అని పక్కింటి ఆమె చెబుతుంది. మందుల దుకాణంలో అడిగితే చీటీ లేకుండానే ఇస్తారు. ఇవి నిద్ర మందులు కావు. మత్తు వల్ల బిడ్డ ఊపిరి మందగించవచ్చును. జలుబుకు వాడే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడరాదని సీసా మీద ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు 2023 డిసెంబరులో ఆదేశించారు. గ్రైప్ వాటర్ అవసరం లేదు. చిగుళ్లకు పూసే మొద్దుబార్చే మందు కూడా వద్దు. శుభ్రంగా కడిగిన వేలితో చిగురును మెల్లగా రుద్దితే చాలు.

బీడీలు చుట్టే ఇంట్లో

ఈ భాగం మన ఊరికి ప్రత్యేకం. తల్లి చేటను ఒడిలో పెట్టుకుని బీడీలు చుడుతుంది, బిడ్డ పక్కనే చాప మీద పడుకుంటుంది. మూడవ నెలలో పెట్టిన చోటే ఉన్న పిల్ల ఆరవ నెలలో దొర్లుకుంటూ చేట దగ్గరకు వస్తుంది. చేతికి అందినది నోట్లో పెట్టుకుంటుంది. పొగాకు చిటికెడు మింగినా పసిబిడ్డకు విషమే: వాంతులు, చొంగ, ఒళ్లు పాలిపోవడం, మత్తు కనబడితే గంటలు లెక్కపెట్టకుండా 108కు ఫోన్ చేయాలి. అకారణంగా మత్తుగా పడుకున్న బిడ్డను చూసి "ఇయ్యాల మంచిగ నిద్రపోయింది" అనుకున్న తల్లి కథ మా వాడలోనే ఉన్నది. ఆ బిడ్డ బతికింది.

పొగాకు డబ్బాకు బిగుతైన మూత ఉండాలి. చేట బిడ్డ పడకకు ఎదుటి గోడ దగ్గర ఉండాలి. పాలివ్వడానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పని చీర పైన పాత గుడ్డ ఒకటి కప్పుకుని పని చేస్తే, బిడ్డను ఎత్తుకునేటప్పుడు దానిని తీసివేయవచ్చును. మగ్గం ఉన్న ఇంట్లో కూడా ఒక కొలత ఉన్నది. పక్కనున్న మనిషితో గొంతెత్తి మాట్లాడవలసి వస్తున్నదంటే, ఆ చోటు బిడ్డ చెవులకు, దూది ధూళి వల్ల దాని ఊపిరికి తగినది కాదు. అలవాటుపడి నిద్రపోతున్నది కదా అని ఊరుకోరాదు. నేను మొదట్లో చెప్పిన వింతలో మేము చేసిన పొరపాటు కూడా ఉన్నది. ఆ తరువాత పాప పడకను మగ్గాల గోడ నుంచి వీధి వైపు మార్చాము.

రాత్రిని పంచుకోవడం

2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం మొదటి ఇద్దరు పిల్లల విషయంలో తల్లికి 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. యాభై మంది, అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి పోవచ్చునని కూడా చెప్పింది. లెక్క వేసి చూడండి: 26 వారాలంటే ఆరు నెలలు. బిడ్డ నిద్ర చెదిరే నెలలోనే తల్లి పనికి మళ్లుతుంది. కాన్పుకు ముందే కొన్ని వారాలు వాడుకున్నవారికి అంతకంటే ముందే. ఇక ఇంటి దగ్గర వెయ్యి బీడీల లెక్కన పనిచేసే తల్లికి ఆచరణలో సెలవు అనే మాటే లేదు; కత్తెర ఆగితే కూలి ఆగుతుంది.

మా కోడలు నిద్ర సాల్తలేదన్న రాత్రి తరువాత మేము ఒక పాత నోటు పుస్తకం తీసి, ఏడు రాత్రులు గంటలు రాశాము. ఒక రాత్రి ఇలా ఉన్నది: 9.20 పడుకున్నది, 10.15 కదిలి మళ్లీ పడుకున్నది; 11.40 పాలు, 1.30 ఏడుపు, జో కొడితే పడుకున్నది, 2.50 పాలు, 4.10 ఏడుపు, 5.30 లేచింది. రెండుసార్లు మాత్రమే పాలు. మిగిలిన మెలకువలకు తల్లి అవసరం లేదు, ఒక మనిషి చాలు. ఇంతకాలం ఆ మనిషి కూడా ఆమే.

మా అబ్బాయికి ఒక వారం రాత్రి పాళీ, ఒక వారం పగటి పాళీ. పగటి పాళీ వారంలో 9.30 నుంచి 12 వరకు బిడ్డ అతని చేతిలో. పాలు కావలసి వస్తేనే కోడలిని లేపాలి. తాగిన తరువాత భుజాన వేసుకుని త్రేన్చు తెప్పించడం అతని పని. తెల్లవారుజామున నాలుగు తరువాత నేను. పెద్దవయస్సులో నిద్ర ఎలాగూ ఆ వేళకు చెదురుతుంది, దానిని వాడుకున్నాము. రాత్రి పాళీ వారంలో ఏర్పాటు కుదరలేదు. అప్పుడు కోడలు మధ్యాహ్నం బిడ్డతో పాటు రెండు గంటలు తలుపు వేసుకుని పడుకునేది, ఆ రెండు గంటలు వంట, నీళ్లు, వచ్చీపోయేవారి పలకరింపు అన్నీ నావి. బీడీల లెక్క కొంత తగ్గింది. తగ్గనిచ్చాము. నిద్ర లేని చేతిలో కత్తెర, నిద్ర లేని కంటి ముందు తిరిగే మగ్గం, రెండూ ప్రమాదమే కదా.

ఇద్దరే ఉండే ఇంట్లో, అత్తామామలు ఊళ్లో ఉండిపోయిన కొత్త కాపురంలో ఇది మరింత కష్టం. అటువంటివారు పక్కింటివారిని రోజుకు ఒక గంట అడగడానికి సిగ్గుపడకండి. పరాయి ఊరిలో మన వాడలన్నీ అలా అడిగి ఇచ్చుకునే నిలబడ్డాయి.

బిడ్డ పడుకున్నా తల్లికి నిద్ర పట్టకపోతే, రెండు వారాలకు మించి దిగులు, ఏడుపు, ఏ పని మీదా మనస్సు లేకపోవడం ఉంటే, బిడ్డనో తననో ఏమైనా చేసుకోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, అది అలసట కాదు, చికిత్స ఉన్న జబ్బు. టెలీ మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చును. అక్కడ తెలుగులో కూడా మాట్లాడతారు. "కడుపున పుట్టిన బిడ్డ ఉండంగ దిగులేంది?" అన్న ప్రశ్నను ఆమె ముందు వేయకండి.

వెంటనే వైద్యుని దగ్గరకు పోవలసిన గుర్తులు: జ్వరం, పాలు తాగలేకపోవడం, తాగినదంతా కక్కడం, మూర్ఛ, లేపినా లేవని మత్తు, పక్కటెముకలు లోపలికి గుంజుకుపోవడం. బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు పూర్తి ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. ఈ వయస్సులో 50 లేదా అంతకు మించితే అది వేగపు ఊపిరి.

ఆశా కార్యకర్త 3, 6, 9, 12, 15 నెలలలో మీ ఇంటికి రావలసి ఉన్నది. ఆరవ నెలలో రాకపోతే నగర ఆరోగ్య కేంద్రంలో అడగండి. మీరు కూడా ఏడు రాత్రుల లెక్క రాయండి. తెలుగులో రాయండి, అంకెలు అందరికీ అర్థమవుతాయి. తొమ్మిది నెలలు నిండగానే తట్టు టీకాకు పోయేటప్పుడు కార్డుతో పాటు ఆ పుస్తకాన్ని కూడా తీసుకుపోయి నర్సుకు చూపించండి. మా పుస్తకంలో తొమ్మిదవ నెల పేజీ మీద ఇప్పటికీ రాత్రికి రెండు మెలకువలు ఉన్నాయి.